లాగ్‌బుక్ అడిగితే బద్‌గుమానీ అవుతుందా?

రాత్రి పదకొండు దాటాక మా ఫూఫీ ఫోన్ చేసిందంటే రెండే సంగతులు. ఎవరైనా ఇంతెఖాల్ అయ్యుండాలి, లేదా ఎవరో ఆమె పరువు తీసి ఉండాలి. మొన్న రజబ్ నెలలో వచ్చిన ఫోన్ రెండో రకం. సలాంకి జవాబు కూడా వినకుండా మొదలుపెట్టింది.

"మీ ఖాలా కొడుకు మా పిల్లాణ్ణి లాగ్‌బుక్ చూపించమన్నాడంట. డాక్టరు సర్టిఫికెట్ అడిగాడంట. ఇంతకుముందు ఎక్కడ నడిపావు, వాళ్ల నంబర్ ఇవ్వు అన్నాడంట. అమెరికా పోతే మనుషులు ఇట్లా అయిపోతార్రా? ఐదు పూటలా నమాజ్ చదివే పిల్లోడు. వాడేమన్నా దొంగా?"

సంగతి ఇదీ. టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఉంటున్న మా ఖాలా కొడుక్కి ఒక చిన్న విమానంలో పావు హిస్సా ఉంది. విమానం అనగానే మనవాళ్లు అంబానీని ఊహించుకుంటారు. ఇది సెస్నా 172. నాలుగు సీట్లు, ముందు ఒక పంఖా, గంటకు రెండు వందల కిలోమీటర్ల చుట్టుపక్కల వేగం. 1956 నుంచి తయారవుతున్న మోడల్, ఇప్పటికి నలభై నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. వీళ్లది వయసులో మా ఖాలా కొడుకు కన్నా పెద్దది. నలుగురు షరీకులు కలిసి కొన్నారు కాబట్టి ఒక్కొక్కరి హిస్సా ఒక మామూలు కొత్త కారు ధర దాటదు. పిల్లల కాలేజీ ఫీజులు మొదలయ్యాయి, తన హిస్సా అమ్మేద్దామనుకున్నాడు. కొంటానని వచ్చినవాడు మా ఫూఫీ అల్లుడి తమ్ముడు. ఊరు గుంటూరు వైపు, ఉద్యోగం అక్కడే, సాఫ్ట్‌వేర్.

అల్లుడి తమ్ముడంటే మన ఖాందాన్లలో ఏమిటో మీకు చెప్పాల్సిన పని లేదు. వాడికి కోపం వస్తే ఇక్కడ కూతురికి అత్తగారింట్లో చాయ్ చల్లగా వస్తుంది.

ఇంకో సంగతి దాచుకుని రాస్తే నాది ఖియానత్ అవుతుంది. ఆ అబ్బాయికి సిఫారిష్ చేసింది నేనే. ఫూఫీ అడిగిందని వాట్సాప్‌లో నాలుగు లైన్లు రాశాను: చాలా మంచి అబ్బాయి, దీన్‌దార్, ఖాందానీ, నువ్వు కళ్లు మూసుకుని ఇవ్వొచ్చు అని. నేను ఆ అబ్బాయిని ఎన్నిసార్లు చూశాను? రెండు షాదీల్లో. ఒకసారి వలీమాలో ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చున్నాం. ఖుబానీ కా మీఠా నాకు వడ్డించాడు. నా జర్నలిజం అనుభవం ఇరవై ఏళ్లు. ఆఫీసులో ఒక్క వాక్యం అచ్చు వేయడానికి ఇద్దరిని అడిగి రూఢి చేసుకునేవాణ్ణి, గాల్లోకి లేచే బండి విషయంలో ఒక గిన్నె మీఠా చూసి జమానత్ ఇచ్చేశాను.

హజ్రత్ ఉమర్ (రజి.) గారి గురించి ఒక రివాయత్ మన మౌల్వీ సాబులు తరచూ చెబుతుంటారు. ఒకాయన ఇంకొకరిని మంచివాడని మెచ్చుకుంటే ఆయన మూడు ప్రశ్నలు అడిగారంట. నువ్వు అతని పొరుగున ఉన్నావా? అతనితో సఫర్ చేశావా? అతనితో డబ్బు లావాదేవీ నడిపావా? మూడింటికీ లేదన్నాడు ఆ మనిషి. మస్జిద్‌లో అతను నమాజ్‌లో వంగి లేవడం చూసి ఉంటావు, అతను నీకు తెలియదు, అని పంపేశారంట. జుమా ఖుత్బాలో ఇది విని తల ఊపడం తేలిక. నా సిఫారిష్‌కి దాన్ని పెట్టి చూసుకుంటే మూడింటికీ నా జవాబు కూడా లేదనే.

విమానంలో షిర్కత్ అంటే ఆ మూడూ ఒకేచోట చేరతాయి. హ్యాంగర్ ఒకటే కాబట్టి పొరుగు. అతను దింపిన విమానం ఎక్కి మన పిల్లలతో ఎగరాలి కాబట్టి సఫర్. ప్రతి నెలా ఖర్చు కాబట్టి డబ్బు. డబ్బు సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు కొనే ధర ఒక్కటే చూస్తారు. హ్యాంగర్ కిరాయి, ఇన్సూరెన్స్ నెలనెలా పంచుకోవాలి. (ఇన్సూరెన్స్ జాయజా కాదా అన్న బహస్ ఇక్కడ తీయను, అది వేరే రోజు.) నడిపిన గంటలకు వేరే లెక్క. ఏడాదికోసారి మెకానిక్ మొత్తం విప్పి చూసే తనిఖీ తప్పనిసరి, అందులో ఏం బయటపడుతుందో అల్లాకే ఎరుక. ఇంజన్‌కి రెండు వేల గంటల ప్రాంతంలో పూర్తి ఓవర్‌హాల్ చేయించాలని కంపెనీ చెబుతుంది, అప్పుడు ముప్పై వేల డాలర్లు దాటే బిల్లు ఒక్కసారి వచ్చి పడుతుంది. ఆ రోజు ఒక షరీక్ "ఈ నెల కష్టంగా ఉంది భాయ్" అన్నాడంటే మిగిలిన ముగ్గురి విమానం కూడా నేలమీదే. పావు విమానాన్ని ఎగరేయడం కుదరదు కదా. మెకానిక్‌కి బాకీ పడితే ఆ బాకీ కూడా మొత్తం విమానాన్నే పట్టుకుంటుంది, ఎగ్గొట్టినవాడి పావును మాత్రమే కాదు.

అందుకే ఖరీదార్ రాగానే మా తమ్ముడు, మిగతా ముగ్గురు షరీకులు కలిసి చేసే తహ్‌కీక్ ఒకటుంది. పైలట్ సర్టిఫికెట్ నిజమేనా అన్నది చాలా తేలిక. అక్కడి విమానయాన శాఖ ఎఫ్‌ఏఏ జాబితాలో పేరు కొడితే సర్టిఫికెట్, మెడికల్ తేదీ ఎవరికైనా కనిపిస్తాయి. మొత్తం ఎన్ని గంటలు నడిపాడు, అందులో ఈ మోడల్ మీద ఎన్ని, చివరిసారి ఎప్పుడు నడిపాడు అన్నది లాగ్‌బుక్‌లో చూడాలి. ప్రతి ఇరవై నాలుగు నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కూర్చుని రివ్యూ చేయించుకున్నాడా లేదా అన్నదీ అందులోనే ఉంటుంది. పక్కన మనిషిని ఎక్కించుకోవాలంటే గత తొంభై రోజుల్లో మూడుసార్లు లేపి దింపి ఉండాలని రూల్. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి అతని వివరాలు పంపి, ఈయన చేరితే ప్రీమియం ఎంతవుతుందని అడగాలి. నలుగురిలో అందరికన్నా అనుభవం తక్కువున్నవాణ్ణి బట్టి కదులుతుంది ఆ ప్రీమియం. ఆఖరికి ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టి రెండు మూడు గంటలు కలిసి ఎగరాలి. ఇంజన్ శబ్దం మారినప్పుడు మనిషి ముఖం ఎలా మారుతుందో ఏ కాగితం మీదా ఉండదని మా తమ్ముడి మాట.

ఇవి కాక "ఎందుకు కొంటున్నావు?" అనే ప్రశ్న ఒకటి. వారాంతాల్లో మనవాళ్లను హ్యూస్టన్‌కి, ఆస్టిన్‌కి తిప్పుతాను, తలా ఇంత తీసుకుంటాను అని ఎవరైనా అంటే సౌదా అక్కడితో ఖతం. ప్రైవేట్ పైలట్ తనతో వచ్చినవాళ్లతో పెట్రోలు లాంటి ఖర్చు సమానంగా పంచుకోవచ్చు గానీ, ఆ లైసెన్సు మీద కిరాయికి తిప్పకూడదు. అది బయటపడితే రేపు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులు దులుపుకుంటుంది. ఈ ప్రశ్నకు మన అబ్బాయి జవాబు బాగుంది. "నాకు ఎగరడం ఇష్టం భాయ్, అంతే" అన్నాడు.

చిక్కు వచ్చింది లాగ్‌బుక్ దగ్గర కాదు, పాస్‌పోర్ట్ దగ్గర. తెలుగువాళ్లు చాలామందికి ఈ సంగతి తెలియదు కాబట్టి రాస్తున్నాను. అమెరికాలో మనుషుల పేర్ల మీద రిజిస్టర్ అయ్యే విమానానికి యజమానులు ఆ దేశ పౌరులైనా కావాలి, గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లైనా కావాలి. హెచ్-1బీ మీద ఉన్నవాడు పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, విమానం కిరాయికి తీసుకుని నడపొచ్చు. యజమానిగా మాత్రం పేరు ఎక్కించుకోలేడు. నలుగురి పేర్లతో ఉన్న విమానంలో ఒక్కరు అనర్హులైనా ఓక్లహోమా సిటీలో ఉండే రిజిస్ట్రేషన్ మొత్తం చెల్లదు, మిగతా ముగ్గురూ అక్కడే పుట్టినవాళ్లైనా సరే. కంపెనీ పెట్టి దాని పేరు మీద ఉంచితే లెక్కలు వేరే. వీళ్లది నేరుగా నాలుగు పేర్లే. మన అబ్బాయి గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాడు. ఐ-140 అప్రూవ్ అయింది కదా, సరిపోతుందనుకున్నాడు. సరిపోదు. ఆ క్యూ ఎంత పొడుగో ఈ బ్లాగు చదివే ఇళ్లలో కనీసం సగం ఇళ్లకు తెలుసు.

అంటే తమ్ముడికి దారి సులువైంది. "వీసా కుదరదు బేటా, రూల్ అంతే, మాఫ్ కరో" అని ఫోన్ పెట్టేస్తే అల్లుడికి కోపం రాదు, ఫూఫీకి పరువు పోదు, తప్పంతా అమెరికా ప్రభుత్వానిది. నా ఘర్‌వాలీ కూడా ఇదే సలహా చెప్పింది. నేనూ ఒక పూట దానికే మొగ్గాను.

కానీ అప్పటికే ఇంకో ఫోన్ నడిచింది. ఆ అబ్బాయి ఇంతకుముందు సభ్యుడుగా ఉన్న ఫ్లయింగ్ క్లబ్‌లో మన హైదరాబాదీ డాక్టరొకాయన ఉన్నాడు. తమ్ముడు ఆయన్ని అడిగితే మొదట "అచ్ఛా లడ్కా హై" అన్నాడు. ఇంకేమైనా ఉందా అంటే "ఛోడో భాయ్, గీబత్ ఎందుకు" అన్నాడు. అప్పుడు తమ్ముడు వేసిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "అతను దించిన విమానం ఎక్కి మీ పిల్లలను తీసుకుని వెంటనే ఎగురుతారా డాక్టర్ సాబ్?" అవతల చాలాసేపు నిశ్శబ్దం.

ఆ తర్వాత చెప్పాడు. ఏడాది కిందట ఈ అబ్బాయి క్లబ్ విమానాన్ని గట్టిగా దించాడు. ముక్కు చక్రం ముందు తగిలింది. బయటికి ఏమీ కనిపించలేదు. కట్టేసి, తాళంచెవి పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికెళ్లిపోయాడు. సెస్నా 172లో ముక్కు చక్రం మీద దెబ్బ పడితే ఆ బలం ఇంజన్‌కీ పైలట్‌కీ మధ్యనుండే రేకు గోడ మీదికి పోతుంది. ఫైర్‌వాల్ అంటారు. అది ముడతపడుతుంది, బయట నుంచి చూస్తే తెలియదు. ఇంజన్‌ని పట్టుకుని ఉండే చట్రం కూడా దానికే బిగించి ఉంటుంది. ఆ మరుసటి వారం ఇంకొకాయన తన భార్యతో అదే విమానంలో వెళ్లొచ్చాడు. తనిఖీలో మెకానిక్ ముడత చూసి అడిగితే అప్పుడు ఒప్పుకున్నాడు. రిపేరు ఖర్చులో తన వాటా కట్టాడు, క్లబ్ మానేశాడు. అప్పటినుంచి పద్నాలుగు నెలలుగా నడపలేదు.

గట్టిగా దించడం ఐబ్ కాదు. తొంభై గంటల అనుభవమున్న ఎవరికైనా అవుతుంది, తమ్ముడికీ అయిందంట. చెప్పకుండా వెళ్లిపోవడమే అసలు సంగతి.

ఆ డాక్టరు సాబు మొదట నోరు కట్టుకోవడం నన్ను ఎక్కువ కలవరపెట్టింది, ఎందుకంటే అది మనందరి అలవాటు. ఒకరి గురించి నిజం చెప్పమంటే గీబత్ అంటాం. అదే షాదీఖానాలో కుర్చీలు దగ్గరికి లాక్కుని వాడి ఇంటి ముచ్చట్లన్నీ మనమే చెప్పుకుంటాం. ఎవరూ అడగనప్పుడు గీబత్ చేస్తాం, అవసరమై అడిగినప్పుడు తఖ్వా గుర్తొస్తుంది. సహీహ్ ముస్లింలో ఫాతిమా బింతె ఖైస్ (రజి.) గారి సంగతి ఉంది. తనకు ముఆవియా, అబూ జహమ్ ఇద్దరి నుంచీ పైగామ్ వచ్చిందని ఆమె రసూలుల్లాహ్ (స.అ.స.) దగ్గరికి వచ్చి అడిగితే, ఒకరి దగ్గర డబ్బు లేదని, ఇంకొకరు చేతికర్ర దించని మనిషని ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ ఇద్దరూ సహాబాలే. మంచివాళ్లేలెమ్మని దాటేయలేదు. ఎందుకంటే ఆమె జీవితం వాళ్లతో ముడిపడబోతోంది. గీబత్ ఎక్కడ జాయజ్ అవుతుందో ఇమామ్ నవవీ గారు ఆరు సందర్భాలు రాశారు, షిర్కత్ గురించో నికాహ్ గురించో మష్వరా అడిగినప్పుడు చెప్పడం అందులో ఉంది. మనం రియాజుస్సాలిహీన్ పుస్తకం జిల్దు కట్టించి అల్మారాలో పెట్టుకుంటాం గానీ ఆ పేజీ దాకా రాము.

రిష్తా కోసమైతే మన తహ్‌కీక్ చూడండి. పిల్లాడి నానీ ఏ ఊరు, జీతం చేతికెంత, కోపం ఎక్కువా, పాన్ నములుతాడా అని మూడు మొహల్లాల్లో విచారిస్తాం. అది బద్‌గుమానీ కాదు, బాధ్యత. భూమిలో, చిట్టీలో, దుకాణంలో షరీక్‌ని చేర్చుకునేటప్పుడు మాత్రం "అంతా అప్‌నే ఆద్మీ" అంటాం. ఖురాన్‌లో సూరా సాద్‌లో దావూద్ (అలై.) గారి ముందుకొచ్చిన పంచాయితీ ఉంది కదా, షరీకుల్లో చాలామంది ఒకరి మీద ఒకరు జ్యాద్తీ చేసుకుంటారని, ఈమానూ మంచి అమలూ ఉన్నవాళ్లు వేరు గానీ అలాంటివాళ్లు తక్కువని అక్కడే వస్తుంది. సూరా బఖరాలో అప్పు రాసుకోమని, గవాహ్‌లను పెట్టుకోమని చెప్పిన ఆయత్ ఖురాన్ మొత్తంలో అన్నిటికన్నా పొడుగైనది. నమ్మకముంటే రాయక్కర్లేదన్న మాట మనం ఎక్కడ నేర్చుకున్నామో నాకు అంతుపట్టదు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుందని తెలుసు. విచారణ అనే మాట మనకు ఎప్పుడూ మంచిగా వినిపించదు. హైదరాబాద్‌లో కిరాయి ఇల్లు వెతికిన ప్రతి ముస్లింకీ తెలుసు. ఫోన్‌లో ఇల్లు ఖాళీగా ఉంటుంది, పేరు చెప్పగానే నిండిపోతుంది. నేను నాలుగిళ్లు అట్లా పోగొట్టుకున్నాను. వాళ్లు కూడా "మనుషులు ఎలాంటివాళ్లో చూసుకోవాలి కదండీ" అనే అన్నారు. మరి తమ్ముడు చేసిందానికీ దానికీ ఫర్క్ ఏమిటి?

ఈ ప్రశ్నకు నా దగ్గర కన్నా వాడి దగ్గరే మంచి జవాబుంది. వాడు ఈ హిస్సా కొన్నది 2014లో. విమానం, ముస్లిం పేరు, అమెరికా. ఆ మూడు మాటలూ పక్కపక్కన వస్తే ఎట్లుంటుందో ఊహించుకోండి. అప్పటి షరీకుల్లో ఒకాయన రిటైరైన మెకానిక్, తెల్లాయన. లాగ్‌బుక్ తెమ్మన్నాడు, మెడికల్ అడిగాడు, పాత ఇన్‌స్ట్రక్టర్ నంబర్ తీసుకున్నాడు, రెండు నెలల ఖర్చు ముందుగా డిపాజిట్ కట్టమన్నాడు. మావాడికి రక్తం మరిగింది. నా పేరు చూసే కదా ఇన్ని అడుగుతున్నాడు అనుకుని నాకు ఫోన్ చేసి అరగంట తిట్టాడు. నేనూ వంతపాడాను. సంతకాల రోజు ఆ ముసలాయన ఒక ఫైలు తీసి ముందు పెట్టాడంట. అందులో తన సొంత కాగితాలు, మిగతా ఇద్దరివి, అవే ప్రశ్నలు, అదే వరుస. డిపాజిట్ కూడా అందరూ కట్టిందే. ఎవరి కాగితం మీదా ఒక్క ప్రశ్న ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నాకు ఇల్లివ్వనివాళ్లు ఏ కాగితమూ అడగలేదు. నా జీతం స్లిప్పు అడగలేదు, పాత ఇంటాయన నంబర్ అడగలేదు. పేరు ఒక్కటి విన్నారు, చాలనుకున్నారు. అది తహ్‌కీక్ కాదు, తహ్‌కీక్ చేయకుండా ఉండడం. అదే కొలతతో చూస్తే నేను రాసిన సిఫారిష్ కూడా అలాంటిదే. వాళ్లు పేరు చూసి వద్దన్నారు, నేను పేరు చూసి ఇచ్చేయమన్నాను. తమ్ముడు మన అబ్బాయికి రెండు ప్రశ్నలు మాఫ్ చేసి ఉంటే, రేపు ఇంకెవరో ఇంకెవరికో రెండు ప్రశ్నలు ఎక్కువ వేస్తే నోరెత్తే హక్కు వాడికి ఉండేది కాదు.

షుఫా గురించి కూడా నాలుగు మాటలు, ఎందుకంటే నలుగురు షరీకుల వ్యవహారంలో నాకు ముందు గుర్తొచ్చింది అదే. విడగొట్టని ఆస్తిలో హిస్సా అమ్మేవాడు ముందు తన షరీక్‌కి చెప్పాలి, అతను కొంటానంటే అతనికే ముందు హక్కు అని హదీసుల్లో ఉంది. హనఫీ ఫిఖ్‌లో ఆ హక్కు పొరుగువాడి దాకా పోతుంది, షాఫయీలు షరీక్ దగ్గరే ఆపుతారు. రెండు చోట్లా అది భూమికి, ఇళ్లకే గానీ కదిలే వస్తువులకు కాదు. మన ఆంధ్ర ప్రాంతం మద్రాస్ కింద ఉన్న రోజుల్లోనే, 1870లో, అక్కడి హైకోర్టు ముస్లింల షుఫాను చట్టంగా ఒప్పుకోలేదు. 1958లో ఒక పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని బలహీనమైన హక్కు అంది. ఆ తీర్పు రాసినాయన మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారు. అలాంటి షుఫాని డల్లాస్‌లో నలుగురు పైలట్లు, అందులో ముగ్గురికి ఆ మాటే తెలియదు, తమ కాగితంలో సొంతంగా రాసుకున్నారు. అమ్మేవాడు ముందు మిగతా ముగ్గురికి ముప్పై రోజుల గడువు ఇవ్వాలి, బయటివాణ్ణి తెస్తే ముగ్గురూ ఒప్పుకోవాలి. తమ్ముడు చదివి నవ్వుకున్నాడంట.

అదే కాగితంలో చావు గురించి కూడా ఉంది. ఒక షరీక్ చనిపోతే అతని హిస్సాను మిగిలినవాళ్లు ధర కట్టి తీసుకుని వారసులకు డబ్బు ఇవ్వాలి. ఇది లేకపోతే మన విరాసత్ లెక్కన పావులో ఎనిమిదో వంతు బీవీకి, మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ పంచితే విమానం రెక్క ఒకరికి, చక్రం ఒకరికి. మన ఇళ్లలో దుకాణాల షిర్కత్‌లు ఎన్ని ఇలా అబ్బాజాన్ జనాజా లేచిన నలభయ్యో రోజుకే కోర్టుకెక్కాయో లెక్కపెట్టుకోండి.

ఇంకొకటి, ప్రశ్నలన్నీ కొనేవాడికే వేసి అమ్మేవాడు తప్పించుకుంటే అది కూడా జుల్మ్. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ధాన్యం కుప్పలో రసూలుల్లాహ్ (స.అ.స.) చెయ్యి పెట్టి చూసిన సంగతి మనకు తెలిసిందే. తమ్ముడు కూడా ఇంజన్ ఓవర్‌హాల్‌కి ఇంకా మూడొందల గంటలే ఉందని, ఎడమ రెక్క చివర ఒకప్పుడు హ్యాంగర్ తలుపుకి తగిలి మార్పించారని మొదటి మాటలోనే చెప్పాడు. దానివల్ల ఇద్దరు ఖరీదార్లు వెనక్కి పోయారు. పోనీ.

చివరికి వాడు ఆ అబ్బాయితో వీసా సంగతి ఒక్కటి చెప్పి ఊరుకోలేదు. కాఫీకి పిలిచి రెండూ చెప్పాడు. రూల్ ప్రకారం నీ పేరు ఎక్కదు, అది నీ తప్పు కాదు. రేపు గ్రీన్‌కార్డు వచ్చినా ఆ ముక్కు చక్రం సంగతి నువ్వే ముందు చెప్పి ఉంటే ఒప్పుకునేవాణ్ణి, నేను వేరేవాళ్ల నోటి నుంచి వినాల్సి వచ్చింది, అందుకే ఒప్పుకోలేను అని. వీసా మాట వెనక దాక్కుని ఉంటే ఆ అబ్బాయి ఇంకో ఊళ్లో ఇంకో విమానం కిరాయికి తీసుకునేవాడు. గట్టిగా దించినప్పుడు ఏం చేయాలో అప్పటికీ నేర్చుకుని ఉండేవాడు కాదు. తమ్ముడు చేసింది మురవ్వత్ లేని పని అంటున్నారు మా ఖాందాన్‌లో. మురవ్వత్‌కి కూడా ఒక ఎత్తు ఉంటుంది, మూడు వేల అడుగుల మీద అది పనికిరాదని నా అభిప్రాయం.

అబ్బాయి మొదటి రోజు లేచి వెళ్లిపోయాడు. గుంటూరుకి ఫోన్ వెళ్లింది, గుంటూరు నుంచి ఫూఫీకి, ఫూఫీ నుంచి రాత్రి పదకొండుకి నాకు. మూడు వారాల తర్వాత అతనే నాకు ఫోన్ చేశాడు. "భాయ్, ఆ రోజు భయపడ్డాను. కొత్తగా సర్టిఫికెట్ వచ్చింది, అందరూ నవ్వుతారనుకున్నాను. వెనక ఇంకొకరు ఎక్కుతారని తట్టలేదు" అన్నాడు. ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్లీ మొదలుపెట్టాడంట, దిగడాలే ప్రాక్టీసు చేస్తున్నాడంట. ఇది రాయనా అని అడిగాను. పేరొద్దు, మిగతాదంతా రాయండి అన్నాడు. పోస్టు చేసే ముందు చదివి, నేను తొంభై ఐదని రాసిన చోట తొంభై గంటలని దిద్దింది కూడా అతనే.

హిస్సా ఇంకా అమ్ముడుపోలేదు. ఒక రిటైరైన స్కూల్ టీచరమ్మ వచ్చి రెండుసార్లు ఎగిరి చూసింది, ఇన్సూరెన్స్ వాళ్ల జవాబు కోసం చూస్తున్నారు. ఆమె అడిగిన ప్రశ్నలు తమ్ముడి ప్రశ్నల కన్నా ఎక్కువంట. నెలనెలా నీ వాటా ఎప్పుడైనా ఆలస్యం చేశావా, బ్యాంకు కాగితం చూపించు అని కూడా అందంట.

నేను నా సిఫారిష్‌ని వెనక్కి తీసుకుంటున్నానని, తెలియని మనిషికి జమానత్ ఇవ్వడం నాది గలతీ అని ఫూఫీకి వాట్సాప్‌లో రాసి వారమైంది. నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.